ఉప్పుగాలికి తట్టుకునే సోలార్ వాచీ: ఎవరు కొనాలి, ఎలా కొనాలి, ఎలా వాడాలి

సోలార్ వాచీ కొందామా అని అడిగేవాళ్లలో ఎక్కువమంది ముందు బ్యాటరీ ఖర్చే లెక్కేస్తారు. ఆ లెక్క మనమూ వేసి చూద్దాం. మామూలు ముళ్ల వాచీలో సెల్లు రెండు మూడేళ్లు వస్తుంది. మంచి కంపెనీ సెల్లు వేయిస్తే కూలీతో కలిపి ఓ రెండు వందలు అనుకోండి. పదిహేనేళ్లు వాడితే ఆరేడుసార్లు మారుస్తారు. అన్నీ కలిపినా పదిహేను వందలు దాటదు. సోలార్ వాచీకి మీరు అదనంగా పెట్టేది అంతకంటే ఎక్కువే ఉంటుంది. బ్యాటరీ డబ్బులు మిగులుతాయని సోలార్ కొంటే గిట్టదు. షాపులో మొదట చెప్పే మాట అదే కాబట్టి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

అసలు లాభం వేరేచోట ఉంది. సోలార్ వాచీకి పది, పదిహేనేళ్ల దాకా వెనక మూత తీయాల్సిన పని పడదు. ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవాళ్లకు అదేమంత పెద్ద విషయం కాదు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద తిరిగేవాళ్లకు, మైపాడు, కొత్తపట్నం, పాకల తీరంలో వేటకు పోయేవాళ్లకు వాచీ పదేళ్లు బతుకుతుందా రెండేళ్లకే పోతుందా అన్నది ఆ మూత దగ్గరే తేలిపోతుంది.

మెకానిక్ మూత తీసినప్పుడు ఒకసారి దగ్గరగా చూడండి. అంచు చుట్టూ సన్నటి గాడి, ఆ గాడిలో నూలుపోగు కంటే కాస్త లావుగా నల్లటి రబ్బరు వాషరు ఉంటాయి. కొత్తలో గుండ్రంగా, మెత్తగా ఉండే ఆ వాషరు రెండు మూడేళ్లు మూత కింద నలిగి చదునైపోతుంది. గాడిలో చెమట, మట్టి, ఉప్పు కలిసి తెల్లగా పొరకట్టి ఉంటాయి. సెల్లు మార్చాక చాలాచోట్ల ఆ పాత వాషరునే మళ్లీ పెట్టి మూత నొక్కేస్తారు. వాషరు ఒక్కచోట మెలిక పడినా, దాని కింద ఒక్క ఉప్పు రవ్వ మిగిలినా చాలు, గుంటలో చెయ్యి పెట్టినప్పుడు నీళ్లు లోపలికి పోతాయి. అద్దం కింద ఆవిరి పడుతుంది. వారం తిరిగేసరికి ముళ్లు నల్లబడతాయి. మంచి మెకానిక్ అయితే ముందే చెప్పేస్తాడు: ‘ఒకసారి మూత తీసినాక నీళ్ల గ్యారంటీ నన్ను అడగబాకన్నా.’ ఆ మాటలో మోసమేమీ లేదు. నీటి ఒత్తిడి పరీక్ష చేసే యంత్రం లేకుండా ఎవరూ ఆ గ్యారంటీ ఇవ్వలేరు.

సోలార్ వాచీకి పెట్టే అదనపు డబ్బు ఆ మూత మూసి ఉండటానికే. ధరకు తగ్గ విలువ ఉందా లేదా అన్నది ఈ ఒక్క విషయం మీదే తేల్చుకోండి.

ముందు మీ పని చూసుకోండి

వాచీ బొమ్మలు చూడటానికి ముందు, మామూలు రోజున మీ చేతికి ఏమేం తగులుతాయో ఆలోచించండి.

ఉప్పునీళ్లు, రోజంతా చెమట, తరచూ తడి ఉంటే సోలార్ మీకు పనికొస్తుంది. రొయ్యల రైతులు, గుంటల కాపలా ఉండేవాళ్లు, మత్స్యకారులు, కృష్ణపట్నం పోర్టులో బయట డ్యూటీ చేసేవాళ్లు, ఎండలో బండి మీద తిరిగే సేల్స్ ఉద్యోగులు ఈ కోవలోకి వస్తారు. వీళ్లకు వెలుగు కరువు లేదు, మూత తీయించే అవకాశం తగ్గేకొద్దీ లాభం.

చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్ల సంగతి కొంచెం వేరు. అక్కడ నీళ్ల కంటే రాతి పొడి, దెబ్బలు, డ్రిల్లింగ్ అదురు ఎక్కువ. ముళ్ల వాచీకి గట్టి దెబ్బ తగిలితే ముల్లు పక్కకు జరిగే అవకాశం ఉంటుంది. అంకెల వాచీలో జరగడానికి ముల్లే ఉండదు. క్వారీకి డిజిటల్ సోలార్ మంచిది, అదీ అద్దం కంటే చుట్టూ ఉన్న అంచు ఎత్తుగా ఉండే రకం.

టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, షాపు నడిపేవాళ్లు, చదువుకునే పిల్లలకు సోలార్ తప్పనిసరి కాదు. పదేళ్ల బ్యాటరీతో, 100 మీటర్ల నీటి రక్షణతో వచ్చే క్యాసియో ఏఈ-1200 లాంటి డిజిటల్ వాచీలు రెండు మూడు వేలకే దొరుకుతాయి. పదేళ్లదాకా మూత తీయాల్సిన పని వాటికీ ఉండదు. సోలార్ చేసే మేలులో ముప్పాతిక భాగం అది తక్కువ ధరకే చేస్తుంది. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లాడు క్యాసియో వాళ్ల దెబ్బలకు తట్టుకునే వాచీ, సోలార్ జీ-షాక్ కావాలని పేచీ పెడితే ముందు దీన్ని చూపించండి.

స్మార్ట్ వాచీతో పోల్చి అడిగేవాళ్లూ ఉన్నారు. నడక, గుండె కొట్టుకోవడం లెక్కపెట్టుకోవాలంటే స్మార్ట్ వాచీయే కొనండి. దాన్ని తరచూ ఛార్జింగ్ పెట్టాలి, కొన్నేళ్లకు బ్యాటరీ నీరసిస్తుంది. సోలార్ వాచీ చెప్పేది టైము, తేదీ, మహా అయితే అలారం. దాని పనితనమంతా ఏళ్ల తరబడి ఆగకుండా నడవడంలోనే ఉంది.

లోపల ఏం జరుగుతుందో కాస్త తెలుసుకోండి

సోలార్ వాచీలో బ్యాటరీ ఉండదని కొందరు అనుకుంటారు. ఉంటుంది. డయల్ కింద సోలార్ పలక, దాని వెనక మళ్లీ మళ్లీ ఛార్జ్ అయ్యే చిన్న సెల్లు ఉంటాయి. డయల్ చూడటానికి మామూలుగానే కనిపించినా వెలుగును కొంత లోపలికి వదిలేలా తయారు చేస్తారు. సిటిజన్ కంపెనీ 1976లోనే వెలుగుతో నడిచే ముళ్ల వాచీ తెచ్చింది. అప్పట్లో సోలార్ పలకలు డయల్ మీద బయటికే కనిపించేవి. 1995లో ఎకో-డ్రైవ్ పేరుతో వచ్చినవాటిలో పలక డయల్ కిందికి వెళ్లిపోయింది. క్యాసియోలో ఇదే పద్ధతికి టఫ్ సోలార్ అని పేరు. సీకో కంపెనీలోనూ సోలార్ మోడళ్లు ఉన్నాయి.

ఎండే కావాలనేం లేదు, వెలుగు చాలు. తేడా అల్లా ఎంతసేపు అన్నదే. వెలుగును లక్సుల్లో కొలుస్తారు, నడి మధ్యాహ్నం ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. ట్యూబ్‌లైట్ వేసిన గదిలో ఐదొందలు ఉంటే గొప్ప. అందుకే క్యాసియో మాన్యువళ్లలో ఇలా రాసి ఉంటుంది: ఒక రోజు వాడకానికి సరిపడా ఛార్జ్ కావాలంటే ఎండలో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు, కిటికీ పక్కన దాదాపు అరగంట, మబ్బు పట్టిన రోజు కిటికీ పక్కన ముప్పావు గంట, ట్యూబ్‌లైట్ కింద ఎనిమిది గంటలు. మోడల్‌ను బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది. గుంట గట్టు మీద మేత వేసి వచ్చేలోపు ఆ రోజుకు కావాల్సిందంతా ఎక్కేస్తుంది.

నిండా ఛార్జ్ అయ్యాక చీకట్లో పెట్టేసినా చాలా ఎకో-డ్రైవ్ మోడళ్లు ఆరు నెలలు నడుస్తాయి. టఫ్ సోలార్ డిజిటల్ వాచీల్లో పది నెలలు వచ్చేవి ఉన్నాయి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు ఉంటాయి కదా, అప్పుడు ఆగిపోతుందేమోనని టెన్షన్ పడాల్సిన పనే లేదు. వారం రోజులు సూర్యుడు కనపడకపోయినా దానికి లెక్కలేదు.

కొనేటప్పుడు ఏవి చూడాలి, వేటికి డబ్బు పెట్టకూడదు

మొదట నీటి రక్షణ. వెనక మూత మీద 30, 50, 100, 200 మీటర్లు అనో, 3, 5, 10, 20 బార్ అనో రాసి ఉంటుంది. 30 మీటర్లు అంటే ముప్పై మీటర్ల లోతుకు దిగవచ్చని అర్థం కాదు. ఆ అంకె కదలకుండా నిలిచిన నీటి ఒత్తిడితో చేసే పరీక్షది. 30 ఉంటే చేతులు కడుక్కున్నప్పుడు చిందే నీళ్లకు తట్టుకుంటుంది, అంతే. గుంటల్లో దిగేవాళ్లు, సముద్రంలో తడిసేవాళ్లు 100కు తక్కువ కొనకండి. 200 ఉంటే ఇంకా నిశ్చింత. జీ-షాక్‌లు సాధారణంగా 200 మీటర్లతోనే వస్తాయి. పది మీటర్ల ఎత్తు నుంచి పడినా పగలకూడదు, పది బార్ల ఒత్తిడికి తట్టుకోవాలి, బ్యాటరీ పదేళ్లు రావాలి అనే మూడు షరతులు పెట్టుకుని కికువో ఇబే అనే ఇంజినీరు జపాన్‌లో ఆ వాచీని తయారుచేశారు. అది 1983లో బయటికొచ్చింది.

ముళ్ల వాచీ అయితే పక్కనున్న కీ చూడండి. టైము తిప్పే ఆ గుండీ మరలాగా లోపలికి బిగుసుకునే రకమైతే నీళ్లు పోయే దారి ఇంకొకటి మూసుకుపోయినట్టే. తడి చేత్తో దాన్ని ఎప్పుడూ లాగవద్దు.

తర్వాత అద్దం. తీరంలో ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద దాని అంకె 7. మామూలు మినరల్ అద్దం అంతకంటే మెత్తన, కాబట్టి ఇసుక చేత్తో తుడిస్తే గీతలు పడతాయి. సఫైర్ అద్దం 9 దగ్గర ఉంటుంది, ఇసుక దాన్ని గీయలేదు. సఫైర్ ఉన్న వాచీ ఖరీదు ఎక్కువే. ముళ్ల వాచీ కొంటూ, రోజూ ఇసుకలో తిరిగేవాళ్లయితే ఈ ఒక్కదానికి డబ్బు పెట్టండి. గీతలు పడిన అద్దం మార్చాలంటే వాచీ విప్పాలి, విప్పితే మళ్లీ వాషరు కథ మొదటికొస్తుంది. డిజిటల్ జీ-షాక్‌లో అద్దం లోపలికి ఉంటుంది కాబట్టి మినరల్ అయినా ఫర్వాలేదు.

ఇప్పుడు డబ్బు దండగ సంగతి. కొన్ని సోలార్ వాచీల మీద మల్టీబ్యాండ్ 6 అని రాసి ఉంటుంది. రాత్రిళ్లు రేడియో సంకేతం అందుకుని తనంతట తానే టైము సరిచేసుకుంటుందని షాపులో చెబుతారు. చెప్పింది నిజమే, కానీ ఆ సంకేతాలు పంపే కేంద్రాలు జర్మనీ, బ్రిటన్, అమెరికా, జపాన్, చైనాల్లో ఉన్నాయి. మన దేశం వాటి పరిధిలో లేదు. నెల్లూరులోనో ఒంగోలులోనో ఉండేవాళ్లు దాని కోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టినా వృథాయే. గల్ఫ్ నుంచి తెచ్చే చుట్టాలకూ ఇదే చెప్పండి. బ్లూటూత్ ఉన్న మోడల్ అయితే ఫోన్ నుంచి టైము తీసుకుంటుంది, అది మనకు పనిచేస్తుంది. ఏదీ లేకపోయినా కొంప మునగదు. చాలా వాచీల తేడా నెలకు పదిహేను ఇరవై సెకన్లలోపే, నెలకోసారి ఫోన్ చూసి సరిచేసుకుంటే సరిపోతుంది.

డిజిటల్ కొంటే తెల్లటి తెర మీద నల్ల అంకెలు ఉన్నదే తీసుకోండి. నల్ల తెర మీద తెల్ల అంకెలు ఫొటోలో బాగుంటాయి. మసక చీకట్లో, తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ చూడటానికి వెళ్లినప్పుడు మాత్రం కళ్లు చికిలించాల్సి వస్తుంది. అలారాలు నాలుగైదు పెట్టుకునే వీలుంటే మేత వేళలకు ఒక్కొక్కటి పెట్టుకోవచ్చు. లైటు బటన్ పెద్దదిగా, తడి వేలికి అందేలా ఉందా అని షాపులోనే నొక్కి చూడండి.

ఇక బెల్టు. చాలామంది దీన్ని పట్టించుకోరు. లోపలి యంత్రం పదిహేనేళ్లు నడవచ్చు, ప్లాస్టిక్ బెల్టు మాత్రం ఎండకు, చెమటకు కొన్నేళ్లలో పెళుసుబారి తెగుతుంది. కంపెనీ ఆకారం బెల్టు మాత్రమే పట్టే వాచీ అయితే అది దొరక్క వాచీ మొత్తం మూలన పడుతుంది. 18, 20, 22 మిల్లీమీటర్ల మామూలు బెల్టు పట్టే వాచీ అయితే ఊళ్లో ఏ వాచీ షాపులోనైనా కొత్తది వేయించుకోవచ్చు. స్టీలు చైను చూడటానికి బాగుంటుంది, కానీ లింకుల మధ్య ఉప్పు పేరుకుంటుంది. గుంటల మీద పనికి నైలాను బెల్టే నా మొదటి ఓటు. ఉతికి ఆరేస్తే చాలు, చెమటకాయలూ తక్కువ.

ధరలు సుమారుగా ఇలా ఉంటాయి, కొనే రోజున సరిచూసుకోండి. క్యాసియోలో చిన్న సోలార్ మోడళ్లు నాలుగైదు వేలలో దొరుకుతాయి. సోలార్ జీ-షాక్‌లు తొమ్మిది వేల నుంచి పదిహేను వేల మధ్య ఎక్కువ. ఎకో-డ్రైవ్‌లు పది వేల నుంచి ఇరవై వేలు, ఆపైన. సీకో సోలార్ డైవర్ వాచీలు ముప్పై వేలు దాటుతాయి. రొయ్యల గుంట మీద పనికి నాలుగైదు వేల డిజిటల్ సోలార్, 100 మీటర్లది కొనుక్కుంటే ఇంకేమీ అక్కర్లేదు. క్వారీకో పోర్టుకో అయితే జీ-షాక్‌కు పెట్టే డబ్బు న్యాయమైనదే. పెళ్లికీ పనికీ ఒకే వాచీ కావాలనుకునేవాళ్లకు 100 మీటర్లు, సఫైర్ ఉన్న ఎకో-డ్రైవ్ సరైనది. ముప్పై వేలు దాటాక మీరు పెట్టేది ముచ్చట కోసం. ముచ్చటా ముఖ్యమే, అయితే దాన్ని గుంటకు పెట్టుకుపోయే వాచీ లెక్కలో వేయకండి.

షాపులో చేయాల్సిన పరీక్ష

జీ-షాక్ నకళ్లు రోడ్డు పక్కన ఐదారు వందలకు కుప్పలుగా దొరుకుతాయి. డయల్ మీద టఫ్ సోలార్ అని ముద్ర కూడా ఉంటుంది, లోపల మామూలు సెల్లు. కనిపెట్టే పద్ధతులు కొన్ని ఉన్నాయి.

వాచీ తిప్పి వెనక మూత చూడండి. అసలు క్యాసియోకి చిన్న చతురస్రంలో మూడు నాలుగు అంకెల మాడ్యూల్ నంబరు చెక్కి ఉంటుంది. ఫోన్‌లో కంపెనీ వెబ్‌సైటు తెరిచి ఆ నంబరు కొడితే ఆ వాచీ మాన్యువల్ రావాలి. మాన్యువల్‌లో ఉన్న బటన్ల పని చేతిలో ఉన్న వాచీ చేయాలి. చేయకపోతే అక్కడే పెట్టేసి వచ్చేయండి. డయల్ లోపల ఉన్న చిన్న గడియారాల ముళ్లు కదలకుండా అచ్చేసిన బొమ్మల్లా ఉన్నా అంతే.

సోలార్ డిజిటల్ వాచీలు చాలావాటిలో ఛార్జ్ ఎంతుందో చూపే గుర్తు ఉంటుంది. దాన్ని చూపించమనండి. ముళ్ల వాచీ అయితే సెకన్ల ముల్లు వైపు ఒక నిమిషం ఊరికే చూడండి. సెకనుకో అడుగు వేస్తుంటే మంచిదే. రెండు సెకన్లు ఆగి రెండు అడుగులు ఒక్కసారే దూకుతుంటే ఛార్జ్ తగ్గిందని అది చెబుతున్నట్టు. సిటిజన్, సీకో వాచీల్లో ఈ పద్ధతి ఉంటుంది. పాడైందనుకుని భయపడనక్కర్లేదు. షాపు అరలో చీకట్లో ఉండి ఉంటుంది. అయితే అది ఎన్నాళ్ల నుంచి అలా ఉందో అడగండి. పూర్తిగా ఖాళీ అయిపోయి ఏళ్ల తరబడి పడి ఉంటే లోపలి సెల్లు బలం తగ్గుతుంది. పూర్తిగా ఆగిపోయిన పీసు డిస్కౌంటుకు ఇస్తానంటే తీసుకోకండి, వేరే పీసు అడగండి.

బిల్లు తీసుకోండి, వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ వేయించుకోండి. ఆన్‌లైన్‌లో అయితే అమ్మేది కంపెనీయా, అనుమతి ఉన్న డీలరా అని చూసి కొనండి. సగం ధరకు సోలార్ జీ-షాక్ వస్తుందంటే అనుమానించాల్సిందే.

ఇంటికి తెచ్చాక

మొదట నిండా ఛార్జ్ చేయండి. ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య వరండాలో, డయల్ వెలుగు వైపు ఉండేలా పెట్టండి. కొన్ని రోజులు ఇలా చేస్తే చాలు. ఎక్కువ ఛార్జ్ అయి పాడవుతుందన్న భయం వద్దు, నిండాక ఆపేసే ఏర్పాటు లోపలే ఉంటుంది.

భయపడాల్సింది వేడికి. మామూలుగా ఈ వాచీల హద్దు 60 డిగ్రీలు. రోహిణి కార్తెలో మన మిద్దెల మీద గచ్చు, బైకు ట్యాంకు, కారు డ్యాష్‌బోర్డు, గుంట మీద రేకుల షెడ్డు కప్పు ఆ హద్దుకు చేరడం కష్టమేమీ కాదు. ఛార్జింగ్ కోసమని నడి మధ్యాహ్నం అక్కడ వదిలేస్తే సెల్లుకు, తెరకు, వాషరుకు మూడింటికీ దెబ్బే. చేతికి ఉన్నంతసేపు సమస్య లేదు, ఒంటి వేడి దాన్ని మించనివ్వదు.

టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆకు ఆరబెట్టే గది, అంటే బ్యారన్‌లో ఈనె ఆరబెట్టే దశకు వచ్చేసరికి వేడి 70 డిగ్రీల దాకా పోతుంది. థర్మామీటరు చూడటానికి తలుపు తీసి ఓ నిమిషం నిలబడితే ఏమీ కాదు, కానీ వాచీ తీసి బ్యారన్ గోడకు కొట్టిన మేకుకు తగిలించడం, పొయ్యి దగ్గర అరుగు మీద పెట్టడం చేయకండి. సీజన్‌లో రాత్రంతా మేలుకుని ఉండే పని కదా, జేబులో వేసుకోండి.

పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాళ్లు రోజులో కాసేపైనా మడత పైకి తీయండి. రంగు స్క్రీన్ గార్డులు, స్టిక్కర్లు డయల్ మీద వేయకండి. ముఖ్యంగా ఒక అలవాటు మానుకోవాలి: ఖరీదైన వాచీ అని బీరువాలో పెట్టడం. పెళ్లిళ్లకు మాత్రమే తీసే వాచీ బీరువాలో చీకటికి నెలల తరబడి ఖాళీ అవుతూ ఉంటుంది. అలా రెండు మూడేళ్లు పోతే మొదటికే మోసం. గోడ అల్మారాలో అద్దం వెనకో, ఎండ నేరుగా పడని కిటికీ పక్కనో పెట్టుకోండి.

మూత తీయని వాచీనైనా ఉప్పు వదలదు. గుంట నుంచి, సముద్రం నుంచి వచ్చిన రోజే మంచినీళ్లతో కడగండి. తీరంలో చాలా ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు. తాగే క్యాన్ నీళ్లు ఒక గ్లాసు చాలు. ముందు కీ బిగించి ఉందో లేదో చూసుకోండి. పాత మెత్తటి పళ్లబ్రష్షు మీద ఒక చుక్క షాంపూ వేసి, బెల్టు వాచీకి కలిసే సందు, బటన్ల చుట్టూ, వెనక మూత అంచు రుద్దండి. నీళ్లలో ఉండగా బటన్లు నొక్కవద్దు. వేడినీళ్లు వాడవద్దు. మెత్తటి గుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వండి. తీరిక లేనిరోజు కనీసం మంచినీళ్లలో ఒకసారి ముంచి తీయండి.

గుంటల్లో బ్లీచింగ్ పౌడరు, సున్నం చల్లే రోజు వాచీ ఇంట్లోనే ఉంచండి. క్లోరిన్ రబ్బరును తినేస్తుంది. దోమల క్రీము రాసుకుని ఆ చేత్తోనే ప్లాస్టిక్ బెల్టు వాచీ పెట్టుకోవద్దు, కొన్ని క్రీముల్లో ఉండే డీట్ అనే మందుకు ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పెట్రోలు, థిన్నరు కూడా అంతే. ముళ్ల వాచీని స్పీకరు పక్కన, ఏరియేటరు మోటారు మీద పెట్టకండి. అయస్కాంతం దగ్గర ముల్లు ఆగినా, వెనకబడినా దూరం తీసి టైము సరిచేస్తే మామూలైపోతుంది. అంకెల వాచీకి ఈ బాధ లేదు.

ఆగిపోతే

వెంటనే మెకానిక్ దగ్గరికి పరుగెత్తకండి. ముందు రెండు మూడు రోజులు ఉదయపు ఎండలో పెట్టండి. పూర్తిగా ఖాళీ అయిన వాచీ కదలడానికే గంటలు పట్టొచ్చు, కదిలాక కూడా నిండటానికి ఇంకా రోజులు పడుతుంది. డిజిటల్ అయితే కరెంటు పొదుపు కోసం తెర ఆరిపోయి నిద్రలో ఉందేమో చూడండి, వెలుగులోకి తెచ్చి ఒక బటన్ నొక్కితే లేస్తుంది.

అప్పటికీ కదలకపోతే సెల్లు మార్చాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ప్రాణం లాంటిది. సోలార్ వాచీలో వేయాల్సింది ఛార్జ్ అయ్యే సెల్లు. ఆకారంలో అచ్చం అలాగే ఉండే మామూలు వాచీ సెల్లు వేస్తే ఆ రోజుకు నడుస్తుంది. తర్వాత సోలార్ పలక దానికి ఛార్జ్ ఎక్కించడానికి చూస్తుంది, ఛార్జ్ ఎక్కని సెల్లు ఉబ్బి, కారి, లోపలి సర్క్యూట్‌ను తినేస్తుంది. మెకానిక్ మంచివాడైనా అలవాటు కొద్దీ అదే వేసే ప్రమాదం ఉంది. మూత తీయకముందే ‘అన్నా, ఇది సోలారు, ఛార్జింగ్ సెల్లే వేయాలి’ అని చెప్పండి. తీసిన పాత సెల్లు చేతికి తీసుకుని దాని మీది నంబరు ఫొటో తీసుకోండి. కొత్తదాని మీద అదే నంబరు ఉండాలి. ఆ సెల్లు నెల్లూరు, ఒంగోలు షాపుల్లో అప్పటికప్పుడు దొరక్కపోవచ్చు, తెప్పించాల్సి వస్తుంది. తొందరపడి ఈలోపు ఇంకోటి వేయనివ్వకండి.

పది, పదిహేనేళ్లకు ఒకసారి పడే పని కాబట్టి వీలుంటే కంపెనీ సర్వీస్ సెంటరుకే ఇవ్వండి. కొత్త వాషరు వేసి నీటి ఒత్తిడి పరీక్ష చేసి ఇస్తారా అని అడిగి, చేసినట్టు రసీదు మీద రాయించుకోండి. ఊళ్లోనే చేయిస్తే కొత్త వాషరు కొని, దానికి కొంచెం సిలికాన్ గ్రీజు రాసి వేయమనండి. పరీక్ష జరగలేదు కాబట్టి ఆ రోజు నుంచి ఆ వాచీని వాన చినుకులకు, చేతులు కడుక్కోవడానికి మాత్రమే నమ్మండి. గుంటలో దిగేముందు తీసి గట్టు మీద కాపలావాళ్ల చేతికివ్వండి.